పాత రివాల్వర్ కొనాలా? ముందు ఇంట్లోకి చూడండి

వీధిలో దొంగతనం జరిగితే మనం తాళం మార్చుకుంటాం, తలుపుకు ఇంకో గడియ బిగించుకుంటాం. దుకాణం కట్టేసి రాత్రిపూట డబ్బు సంచితో ఇంటికి వచ్చే వ్యాపారికి, భూమి తగాదాలో బెదిరింపులు ఎదుర్కొన్న వారికి మరో ఆలోచన కూడా వస్తుంది. "ఒక రివాల్వర్ దగ్గరుంటే ధైర్యంగా ఉండేది కదా!" కాని కొత్తది కొనాలంటే ఖరీదు. కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 2014లో మహిళల కోసమని విడుదల చేసిన 'నిర్భీక్' రివాల్వర్ ధరే అప్పట్లో దాదాపు 1 లక్షా 22 వేల రూపాయలు. అందుకని పాతది ఎక్కడైనా చవకగా దొరుకుతుందా, కుదువ పెట్టి విడిపించుకోనిది ఏదైనా ఉందా అని వాకబు చేసేవాళ్లు ఉంటారు.

ఈ ప్రశ్న వరంగల్, హనుమకొండ, కాజీపేటలతో ఆగదు. మన సంఘ కుటుంబాల్లో పిల్లలను అమెరికా పంపినవారు చాలామంది ఉన్నారు. అక్కడ 'పాన్ షాప్' అంటే తమలపాకుల కొట్టు కాదు, కుదువ దుకాణం. ఉంగరాలు, గిటార్లు, కెమెరాలతో పాటు వాడిన తుపాకులను కూడా బహిరంగంగా అమ్మే కుదువ దుకాణాలు ఆ దేశంలో ఎన్నో ఉన్నాయి. పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ చేసే కుర్రవాడు ఒకరోజు ఫోన్ చేసి, "నాన్నా, ఇక్కడ భయంగా ఉంది. సెకండ్ హ్యాండ్ రివాల్వర్ ఒకటి తీసుకోనా?" అని అడిగాడనుకోండి. "వద్దు బిడ్డా" అని వెంటనే అనేస్తాం. "ఎందుకు వద్దు?" అంటే ఏం చెప్పాలి?

ఆ జవాబు కోసమే ఈ వ్యాసం. తుపాకి సంగతి ఆసుపత్రి పత్రికలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. తుపాకి కొనడం చట్టానికి సంబంధించిన విషయమే, డబ్బుకు సంబంధించిన విషయమే. కాని అన్నిటికంటే ముందు అది ఇంటిల్లిపాది ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

వరంగల్‌లో కొనవచ్చా?

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ తుపాకి దగ్గర ఉంచుకోరాదు. కుదువ వ్యాపారికి ఉండేది అప్పు ఇచ్చే లైసెన్సు. ఆయుధాలు అమ్మాలంటే వేరే లైసెన్సు ఉండాలి. కాబట్టి గిర్వి దుకాణంలో ఎవరైనా బీరువా చాటు నుంచి రివాల్వర్ తీసి చూపిస్తే, అది చవక బేరం కాదు, నేరం. 2019లో ఈ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. లైసెన్సు లేకుండా తుపాకి దగ్గర ఉంచుకుంటే కనీసం 2 సంవత్సరాల నుంచి 5 సంవత్సరాల వరకు జైలు, జరిమానా. లైసెన్సు లేకుండా అమ్మినవారికి కనీసం 7 సంవత్సరాలు, యావజ్జీవం వరకు కూడా పడవచ్చు. పైగా అలా చేతులు మారిన ఆయుధం అంతకుముందు ఏ నేరంలో వాడారో కొన్నవారికి తెలియదు.

వాడిన రివాల్వర్‌ను చట్టబద్ధంగా కొనే మార్గం లేకపోలేదు. ముందు కొనేవారికి లైసెన్సు ఉండాలి. పోలీస్ కమిషనరేట్ ఉన్న చోట ఆ దరఖాస్తు కమిషనర్ కార్యాలయానికి వెళ్తుంది. 21 ఏళ్లు నిండాలి. పోలీసు విచారణ జరగాలి. 2016 ఆయుధాల నియమావళి ప్రకారం ఆయుధాన్ని సురక్షితంగా వాడడంలో, దాచడంలో శిక్షణ పొందినట్టు పత్రం చూపాలి. లైసెన్సు చేతికి వచ్చాక ఆయుధాల డీలరు వద్ద కొనవచ్చు. లేదా లైసెన్సు ఉన్న మరో వ్యక్తి నుంచి కొనవచ్చు. అయితే అమ్మే వ్యక్తి ఎవరికి అమ్ముతున్నదీ జిల్లా మేజిస్ట్రేట్‌కు గాని, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గాని రాతపూర్వకంగా తెలియజేసి, కనీసం 45 రోజులు ఆగాలి.

ఈ 45 రోజుల గడువు చాలామందికి విసుగు పుట్టిస్తుంది. కాని కోపంలో, భయంలో, తాగిన మైకంలో తీసుకున్న నిర్ణయాలు ఎన్ని 45 రోజుల తర్వాత కూడా నిలబడతాయో ఆలోచించండి.

వైద్యుని సంతకం

లైసెన్సు దరఖాస్తుతో పాటు వైద్యుని ధ్రువపత్రం కూడా కావాలి. దరఖాస్తుదారుడు శరీరంలోనూ మనసులోనూ ఆరోగ్యంగా ఉన్నాడని, మద్యానికి గాని మత్తుపదార్థాలకు గాని బానిస కాదని వైద్యుడు రాసి ఇవ్వాలి. దీన్ని లాంఛనంగా చూడకండి. వైద్యుడు ఒక పదిహేను నిమిషాలు చూసి, రక్తపోటు కొలిచి, నాలుగు ప్రశ్నలు అడగగలడు. ఆ మనిషి రాత్రిళ్లు నిద్రపోతున్నాడా, సాయంత్రం ఎంత తాగుతున్నాడు, కోపం వస్తే ఏం చేస్తున్నాడు అన్నది ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. భార్య గాని, తల్లి గాని, పెద్ద కొడుకు గాని వైద్యునితో విడిగా ఒక మాట చెప్పాలనుకుంటే మొహమాటపడకండి. ఆ ఒక్క మాట ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు.

అమెరికాలో కొనవచ్చా?

అమెరికా కుదువ దుకాణంలో తుపాకి అమ్మేవారికి ప్రభుత్వ లైసెన్సు ఉంటుంది. కొనేవారు ఒక ఫారం నింపాలి, వారి వివరాలను సర్కారు రికార్డులతో సరిచూస్తారు. ఆ ఫారంలోనే 'మీరు తాత్కాలిక వీసా మీద వచ్చారా?' అన్న ప్రశ్న ఉంటుంది. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం ఎఫ్-1 విద్యార్థి వీసా, హెచ్-1బి ఉద్యోగ వీసా వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 2022లో చేసిన చట్టంతో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 సంవత్సరాలకు పెరిగింది. ఫారంలో అబద్ధం రాస్తే అది మరో నేరం. "నా పేరు మీద కాదు, గ్రీన్ కార్డు ఉన్న స్నేహితుడి పేరు మీద కొంటాను" అంటే ఇద్దరూ చిక్కుల్లో పడతారు. ఇలా మరొకరి కోసం కొనిపెట్టడాన్ని కూడా అదే 2022 చట్టం పెద్ద నేరంగా పేర్కొంది. కేసు పడితే చదువు, ఉద్యోగం, వీసా అన్నీ పోయి దేశం వదలవలసి రావచ్చు.

కాబట్టి విద్యార్థిగా వెళ్లిన కుర్రవాడికి జవాబు తేలికే. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవారికి మాత్రం చట్టం అడ్డురాదు. అలాంటివారు, ఇక్కడ లైసెన్సు సంపాదించగలవారు కూడా, కింది విషయాలు ఆలోచించాలి.

పాత యంత్రంతో వచ్చే చిక్కు

సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొన్నప్పుడు బ్రేకు పనిచేయకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాం. రివాల్వర్ విషయంలో లోపం బయటపడేది అది పేలినప్పుడే, లేదా పేలవలసినప్పుడు పేలనప్పుడే. రివాల్వర్‌లో తూటాలు నింపే గుండ్రని భాగం తిరిగి, ప్రతిసారీ గొట్టానికి సరిగ్గా ఎదురుగా నిలవాలి. ఏళ్ల తరబడి వాడకంతో ఆ అమరిక అరిగిపోతే తూటా పక్కకు గీసుకుపోయి లోహపు ముక్కలు వాడేవారి మీదికే చిమ్మవచ్చు. గొట్టం లోపల తుప్పు గుంటలు పడి ఉండవచ్చు.

పాతకాలపు రివాల్వర్లు కొన్నిటిలో ఇంకో ప్రమాదం ఉంది. సుత్తి కింద తూటా ఉన్నప్పుడు చేయి జారి కింద పడితే, ఎవరూ మీట నొక్కకుండానే పేలవచ్చు. దీన్ని ఆపడానికి అమెరికాకు చెందిన రూగర్ కంపెనీ 1973లో లోపల అడ్డుపట్టీ ఉన్న కొత్త నమూనా తెచ్చింది. అంతకుముందు అమ్మిన పాత నమూనాలను తెచ్చిస్తే ఉచితంగా మార్చి ఇస్తామని కూడా ప్రకటించింది. అయినా మార్చకుండా మిగిలిపోయినవి చేతులు మారుతూనే ఉంటాయి. దుకాణంలో పైకి మెరుస్తున్న రివాల్వర్‌ను చూసి ఇదంతా మామూలు మనిషి కనిపెట్టలేడు.

బాగున్న తుపాకి కూడా ప్రమాదం తెస్తుంది. 2024 నవంబర్‌లో అట్లాంటాలో ఉన్నత చదువు చదువుతున్న మన తెలంగాణ విద్యార్థి ఒకరు పుట్టినరోజు నాడు తన తుపాకిని శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయిన వార్త చాలామంది చదివే ఉంటారు. ఆ గదిలో దొంగ లేడు, శత్రువు లేడు.

ప్రమాదం ఎటు నుంచి?

అసలు విషయం ఇదే. తుపాకి కొనేవారు తలుపు బయట నిలబడే మనిషిని ఊహించుకుని కొంటారు. కాని ఇంట్లోకి వచ్చిన తుపాకి ఎక్కువ కాలం గడిపేది తలుపు లోపల ఉన్నవారితో. అమెరికాలో 2021లో తుపాకి వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో సగానికి పైగా, 26 వేలకు మించి, ఆత్మహత్యలే.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మంది వివరాలను పన్నెండేళ్లకు పైగా పరిశీలించి 2020లో ఫలితాలు ప్రకటించారు. చేతి తుపాకి ఉన్న మగవారు తుపాకితో ప్రాణం తీసుకునే ప్రమాదం, అది లేని మగవారికంటే దాదాపు 8 రెట్లు. ఆడవారిలో అది 35 రెట్లు. "చనిపోవాలనుకున్నవారే తుపాకి కొన్నారేమో" అని మీరు అడగవచ్చు. కొన్న మొదటి రోజుల్లో ప్రమాదం మరీ ఎక్కువగా ఉన్నమాట నిజమే. కాని తుపాకి యజమానుల్లో జరిగిన ఈ మరణాల్లో సగానికి పైగా కొన్న ఏడాది దాటిన తర్వాతే జరిగాయి. అంటే ఆత్మరక్షణకని కొని బీరువాలో పెట్టుకున్న వస్తువే, ఎప్పుడో ఒక చీకటి రాత్రి, అప్పుల బాధలోనో కుటుంబ కలహంలోనో చేతికి దొరికింది.

మన ప్రాంతానికి ఈ పాఠం కొత్తది కాదు. 1997-98లో పత్తి పంట దెబ్బతిన్నప్పుడు వరంగల్ జిల్లాలో ఎందరో రైతులు పురుగుమందు తాగి ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పు ఉంది, అవమానం ఉంది. వాటితో పాటు చేయి చాపితే అందే దూరంలో మందు డబ్బా కూడా ఉంది. శ్రీలంక ప్రభుత్వం అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చింది. 1995 నుంచి 2015 నాటికి అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. ఇజ్రాయెల్ సైన్యం 2006లో ఒక చిన్న మార్పు చేసింది. వారాంతం సెలవుకు ఇంటికి వెళ్లే యువ సైనికులు తుపాకులను శిబిరంలోనే వదిలి వెళ్లాలన్నది. ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి.

ఆ సైనికుల బాధలు, ఆ రైతుల కష్టాలు ఒక్కరోజులో తీరిపోలేదు. కాని కష్టం పొంగిన ఆ గడియ గడిచిపోయింది. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఆత్మహత్యా ప్రయత్నం చేసి బతికిన యువతీ యువకులను అడిగితే, దాదాపు నాలుగో వంతు మంది ఆ నిర్ణయానికీ ప్రయత్నానికీ మధ్య ఐదు నిమిషాలు కూడా గడవలేదని చెప్పారు. అలా బతికి బయటపడినవారిలో పదిమందిలో తొమ్మిది మంది తర్వాత ఆత్మహత్యతో చనిపోరని ఇతర దేశాల్లో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. ఐదు నిమిషాలు గడిపించగలిగితే మిగిలిన జీవితం తిరిగి దొరుకుతుంది. తుపాకి ఆ ఐదు నిమిషాలు ఇవ్వదు. ఆసుపత్రికి తెచ్చే సమయం కూడా చాలాసార్లు ఇవ్వదు.

పిల్లలున్న ఇల్లు

"బీరువా పైన దాచాం, మా పిల్లలు ముట్టుకోరు" అని అనుకుంటాం. 2001లో అట్లాంటాలో వైద్యులు ఒక పరిశీలన చేశారు. 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లలను ఇద్దరు ముగ్గురు చొప్పున 29 జట్లుగా చేసి, ఒక గదిలో కాసేపు ఆడుకోనిచ్చారు. సొరుగులో తూటాలు లేని నిజమైన తుపాకి దాచారు. 21 జట్లు దాన్ని కనుక్కున్నాయి. 10 జట్లలో ఎవరో ఒకరు మీట నొక్కారు. తుపాకి ముట్టుకున్న పిల్లల్లో అత్యధికులకు అంతకుముందే 'తుపాకి ముట్టరాదు' అని పెద్దలు నేర్పి ఉన్నారు. పిల్లలు చెడ్డవారని కాదు. దాచిన వస్తువును వెతకడం పిల్లల స్వభావం. లడ్డూల డబ్బా ఎక్కడ దాచినా దొరకబుచ్చుకునే పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు కదా!

రాత్రి కౌంటర్ దగ్గర

అమెరికాలో మన పిల్లలు పడే భయం ఊహించుకున్నది కాదు. దుకాణాల్లో, హోటళ్లలో, పెట్రోలు బంకుల్లో పనిచేస్తూ తెలుగు యువకులు కాల్పులకు బలైన ఘటనలు జరిగాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథేలో మన తెలుగు ఇంజినీరు ఒకరు హతుడైన సంగతి ఇంకా మరిచిపోలేదు. మరి అక్కడ తుపాకి ఉంటే రక్షణ దొరికేదా?

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో పనిచోట్ల జరిగిన హత్యలను పరిశీలించి 2005లో ఒక పరిశోధన వెలువడింది. పనివారు తుపాకి తెచ్చుకోవడానికి అనుమతించిన చోట్ల, ఏ ఆయుధమూ తేరాదని నియమం ఉన్న చోట్లకంటే, పనివాడు హత్యకు గురయ్యే అవకాశం 5 నుంచి 7 రెట్లు ఎక్కువని తేలింది. దొంగ ముందే ఆయుధం గురిపెట్టి వస్తాడు. కౌంటర్ వెనుక ఉన్న కుర్రవాడు సొరుగు తెరిచి చేయి పెట్టేలోపే దొంగ భయపడి కాల్చవచ్చు.

అందుకే పిల్లవాడితో ఇలా చెప్పండి: "బిడ్డా, గల్లాపెట్టెలో డబ్బు తక్కువ ఉండేలా చూడమని యజమానికి చెప్పు. ఒంటరిగా రాత్రి డ్యూటీ చేయకు. అద్దాల మీద పోస్టర్లు తీసేసి లోపల బయటికి కనపడేలా లైట్లు ఉంచమను. దొంగ వస్తే డబ్బు ఇచ్చెయ్యి, ఎదురు తిరగకు. వీసా అనుమతించని పని అయితే ఆ పనే మానెయ్యి, నెల ఖర్చు మేం చూసుకుంటాం." చివరి వాక్యం చెప్పడం కష్టమే. అప్పు తెచ్చి పంపిన తల్లిదండ్రులకు మరీ కష్టం. కాని అలా చెప్పకపోవడం వల్లనే చాలామంది పిల్లలు తమ భయాన్ని ఇంటికి చెప్పరు.

ఇంకా కొనాలనే అనిపిస్తే

ఒక కాగితం తీసుకుని ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి. రాసేటప్పుడు మీ జీవిత భాగస్వామి పక్కన ఉండాలి.

1. నాకు వచ్చిన ముప్పు ఏమిటి? పోలీసులకు ఫిర్యాదు చేశానా? తాళాలు, కెమెరా, బ్యాంకు లాకర్, నగదు బదులు ఆన్‌లైన్ చెల్లింపులు - వీటిలో ఏవి ఇంకా ప్రయత్నించలేదు?

2. ఇంట్లో మద్యం తాగేవారు ఎవరు? మద్యం, కోపం, తుపాకి ఒకే గదిలో ఉండరాదు.

3. గత రెండేళ్లలో ఇంట్లో ఎవరైనా "నేను బతికి ఎవరికి లాభం" అన్నారా? నిద్ర పట్టక, తిండి మానేసి బాధపడ్డారా? పరీక్ష తప్పిన యువతీ యువకులు, అప్పుల్లో ఉన్నవారు, ప్రసవమైన తల్లులు, ఒంటరి వృద్ధులు ఉన్నారా?

4. పిల్లలు, మనవలు వచ్చిపోతుంటారా?

5. తుపాకిని ఒక తాళంలో, తూటాలను వేరే తాళంలో పెడితే, దొంగ వచ్చిన అర్ధరాత్రి అది నాకు అందుతుందా? అందేలా పెడితే, పిల్లలకు అందకుండా ఉంటుందా?

ఐదో ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. భద్రంగా దాచిన తుపాకి అవసరానికి అందదు. అవసరానికి అందే తుపాకి భద్రంగా ఉండదు. రెండో, మూడో, నాలుగో ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి జవాబు 'అవును' అయినా కొనకండి. కొత్తదైనా పాతదైనా, కుదువ దుకాణంలోనైనా డీలరు దగ్గరైనా ఇదే మా సలహా.

ఇప్పటికే ఇంట్లో ఉంటే

కొన్ని పాత కుటుంబాల్లో తాతల కాలం నాటి తుపాకి పెట్టెలో పడి ఉంటుంది. లైసెన్సు ఉన్న వ్యక్తి చనిపోయినా, లైసెన్సు గడువు తీరినా, ఆ ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గాని, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గాని అప్పగించి రసీదు తీసుకోవాలి. "నాన్న గుర్తు" అని ఉంచుకుంటే వారసులు నేరస్థులవుతారు. లైసెన్సు ఉన్నవారు కూడా ఇంట్లో ఎవరికైనా మనసు బాగోలేని రోజుల్లో ఆయుధాన్ని డీలరు దగ్గర భద్రపరచవచ్చు. ఎన్నికల సమయంలో అధికారులు ఆదేశిస్తే అప్పగించి వస్తాం కదా. ఇంట్లో ఒక మనిషి ప్రాణం ఎన్నికలకంటే తక్కువ కాదు.

మీ మనసులోనో, మీ ఇంట్లోవారి మనసులోనో చనిపోవాలన్న ఆలోచన మెదులుతుంటే దాచుకోకండి. మన దేశంలో 14416 నంబరుకు ఫోన్ చేస్తే 'టెలీ మానస్' సేవలో తెలుగులో మాట్లాడేవారు ఉచితంగా రాత్రింబవళ్లు అందుబాటులో ఉంటారు. అమెరికాలో ఉన్న పిల్లలకు 988 నంబరు చెప్పి ఉంచండి. ప్రమాదం ముంచుకొస్తే ఇక్కడ 112, అక్కడ 911. మన ఆసుపత్రి వైద్యులతో, మీ పాస్టరు గారితో, నమ్మకమైన స్నేహితునితో మాట్లాడండి. ఆ మనిషిని ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. పక్కన కూర్చుని ఒక కప్పు టీ ఇచ్చి, తెల్లవారే దాకా మాటలు వినండి.